శనివారం మొదటి గంట

జూన్ 3

పిన్నీ,

ఫోన్‌లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒక్కరమూ వినం. "అంత చెప్పాలనుంటే ఉత్తరం రాయి, మధ్యలో అడ్డురాలేను" అని కిందటిసారి నువ్వే ఠపీమని పెట్టేశావు. ఇదిగో రాస్తున్నాను. అడ్డు రా చూద్దాం.

శనివారం నాకిచ్చారు.

ఏముందిలే అనకు. ఆరేళ్లుగా ఈ డాన్స్ హాల్లో నేను మొదటి గంట డీజేని. జనం గొడుగులు దులుపుకుంటూ, టికెట్లు చూపించుకుంటూ, ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూసుకుంటూ ఉండే గంట అది. వాళ్లకి తెలియకుండా వాళ్ల కాళ్లు కదిలేలా చెయ్యాలి. అంతే, అంతకు మించి చెయ్యకూడదు. ఊపొచ్చే పాటలన్నీ ఆఖరి గంట మనిషికి అట్టిపెట్టాలి. బయట బోర్డు మీద ఆఖరి గంట మనిషి పేరే ఉంటుంది. మొదటి గంట మనిషికి బోర్డు లేదు, ఫ్యాను కూడా లేదు. వచ్చే నెల మొదటి శనివారం నుంచి ఆఖరి గంట నాది. ఈ హాలు పెట్టిన దగ్గర్నుంచి ఆడమనిషికి ఇవ్వడం ఇదే మొదలు.

సంతోషంగా ఉండాలి కదా. నిన్నట్నుంచి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. టీ పెట్టుకోవడం, చల్లారబెట్టుకోవడం, పారబోయడం. కారణం చెప్తాను విను.

ఈ హాల్లో ఒక ఆచారం ఉంది. సౌండ్ చూసుకునే ఆయన ఒకడున్నాడు. రోజంతా మీటర్లో సూది వంకే చూస్తుంటాడు కాబట్టి మీటరాయన అంటాం. మంచివాడే. మొదటి గంటకి సౌండ్ సగమే పెడతాడు, ఆఖరి గంటకి పూర్తిగా వదులుతాడు. ఎందుకయ్యా అంటే "ఆఖర్న దద్దరిల్లాలంటే ముందు అణిచి ఉంచాలమ్మా, మా గురువు చెప్పాడు" అంటాడు. సరే, న్యాయమే అనుకుందాం. కానీ ఇక్కడ ఆడవాళ్లు ఎప్పుడూ మొదటి గంటలోనే. అంటే ఆడవాళ్లు ఎప్పుడూ సగం సౌండులోనే. బయటికెళ్తూ జనం ఏమంటారు? "ఆడపిల్ల వేస్తే దమ్ముండదు" అంటారు. దమ్ము మీటరాయన చేతివేళ్ల కింద ఉంటే మేమెక్కణ్ణుంచి తెచ్చేది?

ఆదివారం మధ్యాహ్నాలు నా గదికి ఆడపిల్లలు నేర్చుకోడానికి వస్తున్నారని చెప్పాను కదా. ఇస్త్రీ బల్ల మీద పాటలు కలిపే పాత డెక్కులు రెండు పెట్టి నేర్పిస్తున్నాను. కింద వాటా ఆవిడ చీపురుకర్రతో పైకప్పు పొడుస్తుంది. ఆ పొడుపుకి తాళం కలిపి పాట మార్చడం కూడా నేర్చుకున్నారు పిల్లలు. వాళ్లలో ఒకమ్మాయి కళ్లద్దాల కొట్లో పనిచేస్తుంది. పగలంతా "ఇది బాగుందా అండీ, అదా అండీ" అని అడిగి అడిగి, ఇక్కడికొచ్చాక నోరు విప్పదు. కానీ పిన్నీ, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్తే అతుకు కనపడదు. నాకంటే బాగా వేస్తుంది. ఈ మాట దానికి చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

ఆ పిల్లకి మొదటి గంట ఇవ్వమని యజమానిని అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "శనివారం నీది. నీ పిల్లలకి మంగళవారం ఇస్తా, పండగ చేసుకోండి. లేడీస్ నైట్. పాటలు వేసేవాళ్లందరూ ఆడవాళ్లే. గులాబీ రంగు లైట్లు పెడదాం" అన్నాడు.

ఏం చెయ్యమంటావ్? అడిగింది కదా అని గ్రంథం రాయకు.

నిలబడే రాస్తున్నాను, కూర్చుంటే కాళ్లు ఊరుకోవడం లేదు.

నీ గిలక్కాయ


జూన్ 7

ఒసే గిలక్కాయా,

గ్రంథమే రాస్తాను, చదవడం నీ ఖర్మ.

ముందు శనివారం సంగతి. మీ అమ్మకి చెప్పాను. "అయితే ఇక పొద్దున్నే లేస్తుందా?" అంది. నీది పాటలు వేసే ఉద్యోగమని ఆవిడ ఇంకా పక్కింటివాళ్లకి చెప్పలేదు, ఏదో కరెంటు పని అని చెప్పుకుంటోంది. అక్కతో ఈ వయసులో పోట్లాడితే ఏం వస్తుందిలే అనుకుని, కాసేపు పోట్లాడి వచ్చేశాను.

ఇక మంగళవారం. నర్సుల సంఘానికి కార్యదర్శిగా నా జుట్టు నెరిసింది. "మీకోసం ప్రత్యేకంగా" అన్న మాట ఎవడి నోట విన్నా, ముందు ఆ తలుపుకి గొళ్లెం ఎటువైపు ఉందో చూస్తాను నేను. మా ఆసుపత్రిలో డాక్టర్లకి భోజనాల హాలుంది, కిటికీలున్నాయి, చెట్లు కనపడతాయి. మాకు మెట్ల కింద గది. "ప్రత్యేకంగా ఆడవాళ్లకి, ఎవరూ ఇబ్బంది పెట్టకుండా" అని చెప్పి ఇచ్చారు. ఎవరూ ఇబ్బంది పెట్టలేదు, నిజమే. గాలి కూడా వచ్చి పలకరించలేదు. హాల్లో మాకూ కుర్చీలు కావాలని అడిగితే "మీ గది మీకుంది కదా" అన్నారు. ప్రత్యేకం అంటే అదీ. ఇచ్చినట్టే ఉంటుంది, దాన్ని చూపించి అసలుది ఎగ్గొడతారు.

మంగళవారం ఎవరొస్తారే? మర్నాడు పని ఉన్నవాళ్లెవరూ రారు. రాకపోతే "చూశారా" అంటాడు ఆ గులాబీ లైట్ల పెద్దమనిషి. వస్తే "మీ రోజు మీకుంది కదా" అంటాడు. అది పండగ కాదే, బోను. రెండు వైపులా వాడిదే గెలుపు.

నువ్వు ఒప్పుకోవు, నాకు తెలుసు. మాటలు రాకముందే ఎదురు చెప్పడం నేర్చిన పిల్లవి నువ్వు. మీ ఊళ్లో మా సంఘం శాఖ ఉంది, గట్టివాళ్లు. నువ్వు ఒంటరిగా ఉన్నావనుకోకు. సంగతి వాళ్లకి ఇవాళే రాస్తున్నాను.

చెవుల్లో దూది పెట్టుకుంటున్నావా? పెట్టుకో. ఇది పిన్నిగా కాదు, నర్సుగా చెప్తున్నాను.

ఇంకా చెప్పాల్సింది చాలా ఉన్నా కాగితం అయిపోయిన,

పిన్ని


జూన్ 8

పిన్నీ,

నీ జవాబు ఇంకా రాలేదు. యజమాని ఆగనన్నాడు. ఒప్పేసుకున్నాను.

ఆగు, కాగితం నలపకు. ఊరికే ఒప్పుకోలేదు. గులాబీ లైట్లు వద్దన్నాను, తీసేశాడు. మొదటి నిమిషం నుంచి సౌండ్ పూర్తిగా వదలాలన్నాను. అది మీటరాయన ముందే అడిగాను. ఆయన మొహం చూడాలి నువ్వు, ఇంట్లో వాళ్ల మీద ఒట్టు వెయ్యమన్నట్టు చూశాడు. "ఆచారం కాదమ్మా" అన్నాడు. "మంగళవారానికి ఆచారమేంటండీ, నిన్న పుట్టింది" అన్నాను. యజమాని నవ్వేశాడు. నవ్వితే ఒప్పుకున్నట్టే ఆయన.

మంగళవారం చిన్నదని నాకు తెలీదా? కానీ ఆ పిల్లలు ఇస్త్రీ బల్ల దాటి బయట ఎక్కడా నిలబడలేదు. ఒక్కసారి, ఒక్క సాయంత్రం, పూర్తి సౌండులో, నిండిన హాల్లో వేస్తే చాలు. ఆ తర్వాత ఎవరూ వాళ్లని సగం చెయ్యలేరు. నిండిన హాలు చూపించి శనివారం అడుగుతాను.

17వ తేదీ మంగళవారం. ఆఖరి గంట కళ్లద్దాల పిల్లది. చెప్పగానే బాత్రూమ్‌లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక "ఏం చీర కట్టుకోను?" అంది. మిగతావాళ్లు దాని మీద పడి నవ్వారు, నేను మాత్రం ఏడుపు ఆపుకోవడానికి ప్లగ్గు బాగుచేస్తున్నట్టు వంగి కూర్చున్నాను.

ఇప్పుడు నీతో పని. మీ నర్సులు ఈ ఊళ్లో బోలెడంతమంది. వాళ్లని పంపించు. డాన్స్ చెయ్యకపోయినా ఫర్వాలేదు, నిలబడితే చాలు. నిన్ను ఇన్నేళ్లలో ఏమీ అడగలేదు, ఇది అడుగుతున్నాను.

చేతులు ఖాళీగా ఉండలేక ఉన్న వైర్లన్నీ విప్పి మళ్లీ చుడుతున్న,

గిలక్కాయ


జూన్ 11

గిలక్కాయా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు గానీ నాకు ఆగే ఓపిక లేదు. రేపు సంఘం మహాసభకి వెళ్తున్నాను, వారం పైన ఇంట్లో ఉండను. ఫోను కూడా ఇక్కడే వదిలేస్తున్నాను. అది మోగితే వేదిక మీద నా మాట తప్పుతుంది.

శుభవార్త. మీ ఊరి శాఖ కార్యదర్శి ఫోన్ చేసింది. ఆ పెద్దమనిషి నీ మాట వినకుండా ఆసుపత్రి గేటు పక్కనే కాగితాలు అంటించాడట. "లేడీస్ నైట్, ఆడవాళ్లకి ప్రవేశం ఉచితం." ఉచితమట. మనం చేపకి ఎర అన్నమాట. మన పిల్లలు కొందరు సరదాపడి వెళ్దామనుకుంటున్నారట కూడా. నేను కార్యదర్శికి ఒక్కటే మాట చెప్పాను. ఒక్క నర్సు కూడా ఆ గుమ్మం తొక్కకూడదు. సాయంత్రానికల్లా డ్యూటీ గదుల్లో నోటీసు పెట్టేశారు. పక్కనున్న బట్టల మిల్లు ఆడవాళ్లకి కూడా చెప్పారట. మంగళవారం ఆ హాలు ఎలా ఉంటుందో చూసుకోమను ఆయన్ని.

నువ్వు వద్దన్నదాన్ని నీ తరఫున ఇంతమంది వద్దంటున్నారు. ఇన్నాళ్లూ నీ పాటలు అర్థం చేసుకోలేకపోయాను, కనీసం నీ పోరాటం అర్థం చేసుకున్నాను. అది చాలు నాకు.

పెట్టె సర్దుకుంటూ, అద్దంలో ఉపన్యాసం చెప్పుకుంటూ,

పిన్ని


జూన్ 18

పిన్నీ,

నీ 11వ తేదీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది. నిన్న మంగళవారం.

నీ మొదటి ఉత్తరం చూసినప్పుడు, నాది చేరితే సర్దుకుంటావులే అనుకుని ఊరుకున్నాను. చెప్పుల్లేకుండా ఆసుపత్రి దాకా పరిగెత్తాను. మీ శాఖ కార్యదర్శి చాలా మర్యాదగా మాట్లాడింది. నేనే డీజేని, నేనే రమ్మంటున్నాను అన్నాను. "నిన్ను బెదిరించి చెప్పిస్తున్నారేమో మాకెలా తెలుస్తుందమ్మా. సంఘం మాట మార్చాలంటే పిన్నిగారే మార్చాలి" అంది. నీ ఫోను నీ ఇంట్లో మోగుతూనే ఉంది.

ఖాళీ హాల్లో పూర్తి సౌండ్ ఎలా ఉంటుందో నీకు తెలీదు. జనం ఉంటే పాటని ఒంటితో పీల్చుకుంటారు. లేకపోతే అది గోడలకి కొట్టుకుని వెనక్కి వస్తుంది, తిట్టినట్టు. నేను ఏరికోరి అడిగిన పూర్తి సౌండ్. నిమిషానికోసారి నా పిల్లల మొహాన కొట్టింది. హాల్లో ఉన్నది ఊడ్చేవాళ్లు ఇద్దరు, ఉచితంగా ఆడవాళ్లు వస్తారని టికెట్ కొనుక్కుని వచ్చిన మగాళ్లు కొందరు. వాళ్లు గోడకి ఆనుకుని వాచీలు చూసుకున్నారు. "మోసం" అని ఒకడన్నాడు.

కళ్లద్దాల పిల్ల చీర కట్టుకుని వచ్చింది. మూడో పాట మధ్యలో హెడ్‌ఫోన్లు తీసింది. కొట్లో అద్దాలు బల్ల మీద పెడతారే, గీత పడకుండా, అంత జాగ్రత్తగా పెట్టింది. పెట్టి వెళ్లిపోయింది. పాట దాని దారిన అది అయిపోయింది.

యజమాని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే రాలేదు చూశావా. నీ శనివారం నీకుంటుంది. ఇక ఆ పిల్లల ఊసు నా దగ్గర ఎత్తకు" అన్నాడు. మంగళవారం రద్దు.

నువ్వు అన్నీ సరిగ్గానే చెప్పావు పిన్నీ, రాకపోతే "చూశారా" అంటాడని కూడా చెప్పావు. ఆ రాకుండా చేసింది నువ్వే.

నాకు ఆ శనివారం వద్దనిపిస్తోంది. జవాబు రాయకు.


జూన్ 22

గిలక్కాయా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చదవకుండా చించెయ్యి కావాలంటే.

మహాసభ నుంచి రాగానే నీ 8వ తేదీ ఉత్తరం, 18వ తేదీ ఉత్తరం గుమ్మం దగ్గర ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పెట్టె దించకుండా చదివాను. అక్కడ వేదిక మీద, మనం ఎవరి కోసం పోరాడుతున్నామో వాళ్లని ముందు అడగాలి అని అరగంట మాట్లాడి వచ్చాను. చప్పట్లు కొట్టారు కూడా.

నిన్ను అడగలేదు. నీ తరఫున అని నోటీసు పెట్టి, నిన్నే అడగలేదు. తప్పు నాది, దానికి "కానీ" తగిలించను. మీ ఊరి శాఖకి నిన్ననే ఫోన్ చేసి బహిష్కరణ ఎత్తేయించాను. కార్యదర్శి ఏడ్చింది. ఆ పిల్ల చెప్పులు లేకుండా వచ్చిందండీ అంది.

అయితే మంగళవారం బోను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. నిండినా అది మంగళవారమే. అలిగితే అలుగు. ఒప్పుకోనిది ఒప్పుకున్నానని రాస్తే ఈ ఉత్తరం ఇంకెందుకూ.

శనివారం వదిలేస్తానంటున్నావు. వదిలేస్తే ఎవరికి పోతుంది? కళ్లద్దాల పిల్లకి పోదు. మళ్లీ ఏ మగమహారాజుకో పోతుంది. "ఇస్తే నిలబెట్టుకోలేకపోయింది" అని ఇంకో ఆరేళ్లు చెప్పుకుంటారు.

నీకో సంగతి చెప్తాను. నేను పనిలో చేరిన కొత్తలో, ఆపరేషన్ గదిలో కొత్త నర్సులని అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. అనుభవం లేదనేవాళ్లు. అడుగు పెట్టనివ్వకపోతే అనుభవం ఎక్కడ దొరుకుతుందంటే, అనుభవం వచ్చాక రండి అనేవాళ్లు. మా పెద్ద నర్సు ఒకావిడ ఉండేది, మొహంలో నవ్వన్నది చూడలేదు మేం. ఆవిడ ఎవరినీ అడగలేదు, నోటీసు పెట్టలేదు. తన డ్యూటీ ఒక కొత్తమ్మాయికి ఇచ్చి, ఆ అమ్మాయి డ్యూటీ తను తీసుకుంది. రోగుల బెడ్‌పాన్లు కడిగింది. డ్యూటీలు మార్చుకోవడం మా హక్కు, ఎవరూ కాదనలేకపోయారు. నాకు ఇంత గొంతుండి ఏడాదంతా సాధించలేనిది, ఆవిడ నోరు విప్పకుండా ఒక్క పూటలో చేసేసింది. నాకు ఇప్పటికీ ఆవిడంటే కొంచెం ఒళ్లుమంట.

మీ యజమానికి ఘాటుగా ఒక ఉత్తరం రాశాను. ఇంకా పోస్టు చెయ్యలేదు. చెయ్యమంటావా? ఈసారి అడుగుతున్నాను.

తలవంచుకున్న, నోరు మూసుకోని,

పిన్ని


జూన్ 28

పిన్నీ,

పోస్టు చెయ్యకు.

కోపం పోలేదు. కానీ నీ బెడ్‌పాన్ల ఆవిడ రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. నిన్న కళ్లద్దాల కొట్టుకి వెళ్లి కస్టమర్ కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల వచ్చి నా ముక్కు మీద ఒక ఫ్రేము పెట్టింది.

"ఇది బాగుందా అండీ?"

"నేనేనే."

"తెలుసు. వెనక మేనేజర్ ఉన్నాడు. అద్దంలో చూసుకుంటూ మాట్లాడండి."

"వచ్చే శనివారం ఆఖరి గంట నువ్వు వేస్తున్నావు. మొదటి గంట నేను."

ఇంకో ఫ్రేము పెట్టింది. కమ్మీ చెవిలో గుచ్చుకుంది. "అక్కా, అది ఆరేళ్లకి వచ్చింది మీకు."

"వచ్చింది కాబట్టే ఇస్తున్నా."

"మళ్లీ ఎవరూ రాకపోతే?"

"శనివారం జనం ఎలాగూ వస్తారు. వాళ్లని నిలబెట్టడం నా పని, ఆరేళ్లుగా అదే పని. వాళ్లని తెచ్చి నీ చేతిలో పెడతాను."

"అదా అండీ, ఇదా అండీ?" అంది గట్టిగా. మేనేజర్ దాటి వెళ్లాక, మెల్లిగా, "చీర వద్దు. ప్యాంటేసుకుంటా" అంది.

యజమానికి చెప్పలేదు. చెప్తే వద్దంటాడు. మీటరాయనకి చెప్పాల్సిన పనే లేదు. మొదటి మనిషికి సగం, ఆఖరి మనిషికి పూర్తి. ఎవరు అని ఆయన చూడడు, సూది వంకే చూస్తాడు. ఆయన ఆచారం ఆయన పాటిస్తే చాలు.

ఆ తర్వాత నా శనివారం ఉంటుందో ఊడుతుందో తెలీదు. నిద్ర పట్టడం లేదు. వీధి చివరిదాకా నడిచి వస్తున్నాను, మళ్లీ వెళ్తున్నాను.

గిలక్కాయ


జూలై 7

గిలక్కాయా,

నేను వచ్చాను. శనివారం ఆ హాల్లోనే ఉన్నాను. టికెట్ కొనుక్కుని, మీ ఊరి నర్సులతో కలిసి, స్తంభం వెనక. ముందే చెబితే నా కోసం వేస్తావని చెప్పలేదు.

మొదటి గంటంతా మీ ఊరి శాఖ కార్యదర్శితో సెలవుల విషయం మీద వాదిస్తూనే ఉన్నాను. అంత మెల్లిగా ఉంది నీ పాట, వాదనకి అడ్డు రాలేదు. కాసేపటికి ఆవిడ నా కాళ్ల వంక చూస్తోంది. చూద్దును కదా, నా కుడికాలు నేలని తడుతోంది. ఆపాను. మళ్లీ మొదలెట్టింది. చుట్టూ చూస్తే అందరివీ అంతే, మాట్లాడుతూనే ఉన్నారు, గొడుగులు చేతుల్లోనే ఉన్నాయి, కాళ్లు మాత్రం నీ దగ్గరున్నాయి. బల్ల వెనక చిన్న దీపం కింద వంగి ఉన్నావు. ఎవరూ నీ వంక చూడలేదు. ఆరేళ్లు నువ్వు చేసింది ఇదా అనుకున్నాను. నేను ఎన్నో సభలు పెట్టాను గానీ, ఎవరికీ తెలియకుండా వాళ్లని దగ్గరికి తేవడం నాకు రాదు.

తర్వాత నువ్వు పక్కకి జరిగావు, ఆ పిల్ల వచ్చింది. నీ పాట ఎక్కడ ఆగిందో తనది ఎక్కడ మొదలైందో నాకు తెలీలేదు. సౌండ్ లేచింది. నా పక్కటెముకల్లో లేచింది. పాట గోడలకి తగల్లేదు, మాకు తగిలింది. వెనక ఒక కుర్రాడు తన స్నేహితుడితో "ఎవర్రా, దమ్ముంది" అన్నాడు. అమ్మాయి అని కూడా అనలేదు. ఆ మాట ఒకటి చాలు నాకు.

ఆదివారం పొద్దున్న మీ యజమాని గది దాకా వెళ్లాను. ఆయన నిన్ను పిలిపిస్తాడని విన్నాను. తలుపు ముందు నిలబడ్డాను. చెప్పాల్సినవన్నీ నోట్లో వరసగా ఉన్నాయి. చెయ్యెత్తాను. దించాను. బస్సెక్కి వచ్చేశాను. ఒక తలుపు తట్టకుండా తిరిగి రావడం నా జీవితంలో ఇదే మొదలు.

ఆయన ఏమన్నాడో రాయి. త్వరగా రాయి, లేకపోతే మళ్లీ బస్సెక్కుతాను.

పిన్ని


జూలై 11

పిన్నీ,

పిలిపించాడు.

"శనివారం నీకిచ్చాను. దానికి కాదు" అన్నాడు.

"నాకిచ్చారు కాబట్టే నేను మార్చుకోగలిగాను" అన్నాను. నీ ఆసుపత్రి మాట నా నోట వచ్చింది.

"జనం ఒప్పుకున్నారు కాబట్టి బతికిపోయావు. లేకపోతే?"

"ఒప్పుకున్నారు కదండీ."

"బోర్డు మీద ఆఖరి గంట వాళ్ల పేరే ఉంటుంది, అది మా నాన్న పెట్టిన పద్ధతి. నీ పిల్లలకి ఆఖరి గంట కావాలంటే నువ్వు మొదటి గంటలోనే ఉండాలి. వారం వారం. నీ పేరు బోర్డు ఎక్కదు. కావాలంటే రేపట్నుంచి ఆఖరి గంట నువ్వే వేసుకో, పిల్లల ఊసు వదిలెయ్. రెంట్లో ఒకటి" అన్నాడు.

కిటికీలోంచి బోర్డు కనపడుతోంది. నా పేరు అక్కడ అయిదు రోజులే ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ అయిదు రోజులూ కూరగాయలకి వెళ్లినా ఆ వీధిలోంచే వెళ్లాను. వెంటనే జవాబు చెప్పాననుకోకు. ఆఖరికి మొదటి గంటే అన్నాను.

ఇవాళ మధ్యాహ్నం పిల్లలు పాత అక్షరాలు పీకి కొత్తవి పెట్టారు. నిచ్చెన నేను పట్టుకున్నాను. కళ్లద్దాల పిల్ల తన పేరు తనే పెట్టుకుంది, దిగి వీధి అవతలికి వెళ్లి చూసుకుంది, మళ్లీ ఎక్కి సరిచేసింది. వచ్చే వారం ఇంకో పిల్ల. చెత్తబుట్టలో నా పేరు ముక్కలుగా పడి ఉంది. ఒక అక్షరం తీసి జేబులో వేసుకున్నాను. నవ్వకు.

నువ్వు చెప్పినట్టు ఇది కూడా బోనేనేమో. ఆలోచిస్తూనే ఉన్నాను, కాళ్లు ఇంకా ఊరుకోవడం లేదు. ఈ పద్ధతి కూడా ఎప్పుడో ఒకనాడు మార్చుకుందాం. మొదటి గంటకీ ఒక బోర్డు అడుగుతాను. ఆ ఉత్తరం నువ్వు రాద్దువుగాని, నేను చదివాక పోస్టు చేద్దువుగాని.

వచ్చే శనివారం మళ్లీ రా. ఈసారి స్తంభం వెనక వద్దు, బల్ల పక్కన నిలబడు. మొదటి గంటలో సౌండ్ సగమే కదా, మాట వినపడుతుంది. నీ మహాసభ సంగతులు మొదట్నుంచీ చెప్పు.

నేను అడ్డురాను.

గిలక్కాయ